ఆస్తి ఇప్పుడే పిల్లల పేరున రాసేయాలా, వీలునామా రాసి పెట్టాలా?

అడిగినవారి పరిస్థితిని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు తిరుపతిలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయులు, వయసు 67. మీ జీతం డబ్బుతో కట్టుకున్న ఇల్లు, పాకాల దగ్గర నాన్నగారి ద్వారా వచ్చిన 4 ఎకరాల మామిడి తోట, బ్యాంకులో కొంత డిపాజిట్టు ఉన్నాయి. అబ్బాయి అమెరికాలోనూ, అమ్మాయి చిత్తూరులోనూ ఉంటున్నారు. "ఉన్నప్పుడే రాసేస్తే రేపు గొడవలుండవు" అని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు, డాక్యుమెంటు రైటరు దానంగా రాసిచ్చే సెటిల్‌మెంటుకు ముహూర్తం కూడా చూసి పెట్టారు. ఇప్పుడే రాయాలా, వీలునామా చాలా, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరా, నామినీ పేరు పెట్టాను గనుక డిపాజిట్ల సంగతి తీరినట్టేనా అని అడిగారు.

నేను తిరుపతి, చిత్తూరు సివిల్ కోర్టుల్లో ఆస్తి వ్యాజ్యాలే ఎక్కువగా చూసే న్యాయవాదిని. నా సమాధానం ముందుగా చెబుతాను. ఇంటిని ఇప్పుడు ఎవరి పేరునా రాయకండి. తోటను మీ అబ్బాయికి దానంగా రాయడం చట్టప్రకారం అసలు కుదరదు. మీదని తేలిన ఆస్తికి వీలునామా రాయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. నామినీ చాలదు. అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది, మీ ప్రశ్నలో దాని ప్రస్తావనే లేదు.

ఆ తోట మొత్తం మీదేనా?

పాసు పుస్తకం మీ పేరున ఉండవచ్చు, 1-బిలో, అడంగల్‌లో మీ పేరే కనిపించవచ్చు. అవి రెవెన్యూ రికార్డులు మాత్రమే. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) వల్ల హక్కు పుట్టదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, అది ఆయన స్వార్జితమైన పక్షంలో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మీ అమ్మగారు, మీరు, మీ అన్నదమ్ములు, మీ అక్కచెల్లెళ్లు అందరూ సమాన వాటాదారులే. మన వైపు జరిగేదేమిటంటే, తండ్రి పోయాక కొడుకులు పాసు పుస్తకాలు మార్పించుకుంటారు, అక్కచెల్లెళ్లను ఎవరూ అడగరు, అడిగితే "పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా" అంటారు. పెళ్లిలో పెట్టిన బంగారం వల్ల భూమిలో వాటా రద్దు కాదు. మీకు అక్కచెల్లెళ్లు ఉండి, వారు రిజిస్టరు హక్కు విడుదల దస్తావేజు రాసి ఇవ్వకుండా ఉంటే, మీరు తోట మొత్తాన్ని వీలునామాలో పెట్టినా మీ వాటా మేరకే అది చెల్లుతుంది. మీ కాలంలో నోరెత్తని అక్కగారి తరఫున ఆవిడ మనవడు వచ్చి దావా వేయడం నేను తరచుగా చూస్తున్న సంగతి.

అదే తోట మీ నాన్నగారికి ఆయన తండ్రి నుంచి 1956కు ముందే సంక్రమించి ఉంటే గానీ, ఉమ్మడి కుటుంబ భాగపరిష్కారంలో వచ్చి ఉంటే గానీ లెక్క పూర్తిగా మారుతుంది. అప్పుడు మీ పిల్లలిద్దరికీ పుట్టుకతోనే అందులో హక్కు ఉండే అవకాశం ఉంది. ఇద్దరికీ అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో "అబ్బాయికి తోట, అమ్మాయికి ఏదైనా కొంత" అన్న మాట కనిపించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ కూతురికి కొడుకుతో సమానమైన సహవారసత్వం ఇచ్చింది. తండ్రి ఆ తేదీకి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాలు మాత్రం కదలవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనైతే 1986 నాటి రాష్ట్ర సవరణతోనే, అప్పటికి పెళ్లికాని కూతుళ్ల వరకు, ఈ హక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో మీ వాటాను మాత్రం మీరు ఇష్టమైనవారికి వీలునామాగా రాసుకోవచ్చు. అదే చట్టం 30వ సెక్షన్ అందుకు వీలిస్తుంది.

ఒక అపోహ కూడా తొలగించాలి. తండ్రి నుంచి వచ్చినదల్లా "తాతల ఆస్తి" కాదు. తండ్రి స్వార్జితం 8వ సెక్షన్ కింద మీకు వస్తే అది మీ చేతిలో మీ సొంత ఆస్తే, మీ పిల్లలకు అందులో పుట్టుకతో వాటా లేదు. అందుకే ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే కాగితం ముఖ్యం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి వీలైనంత వెనుకటి కాలానికి ఈ.సి. (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి, లింకు దస్తావేజుల (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల) నకళ్లు తెప్పించండి, మూడు తరాల వంశవృక్షాన్ని ఒక కాగితం మీద రాయండి. ఈ పని పూర్తికాకుండా ఎవరు ఏ దస్తావేజు రాసినా అది ఇసుకలో కట్టిన గోడే. అది డి.కె.టి. పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) భూమి అయితే, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి. ఉంటే దాన దస్తావేజు రిజిస్టరు కాదు.

ఇక "ఉన్నప్పుడే రాసేయడం" గురించి.

దాన సెటిల్‌మెంటు రిజిస్టరై, తీసుకునేవారు అంగీకరించాక, మీకు మనసు మారిందని దాన్ని రద్దు చేసుకోలేరు. వీలునామాను ప్రాణం ఉన్నంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఈ ఒక్క తేడా చాలు, 67 ఏళ్ల వయసులో ఉన్నవారు తాము నివసిస్తున్న ఇంటిని రాసివ్వకూడదని చెప్పడానికి. పిల్లలు చెడ్డవారని కాదు. కొడుక్కి అప్పు పెరగవచ్చు, విడాకుల వ్యాజ్యం రావచ్చు, మీకంటే ముందే ఏదైనా జరిగి ఆ ఇల్లు కోడలికీ మనవలకూ వారసత్వంగా వెళ్లవచ్చు. అప్పుడు మీరు మీ ఇంట్లోనే వారి దయ మీద ఉండవలసి వస్తుంది.

2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఉంది కదా, ఆర్డీవో దగ్గరకు వెళితే దస్తావేజు రద్దు చేస్తారు కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ సెక్షన్ వర్తించాలంటే, పుచ్చుకున్నవారు మిమ్మల్ని పోషించాలన్న షరతుకు లోబడి ఆస్తి రాసి ఉండాలి. షరతు లేని దస్తావేజుకు అది వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పు ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని చెప్పినా, దస్తావేజులో లేని షరతును తర్వాత నిరూపించడానికి మీరే తిరగాలి. కనుక ఏ కారణం చేతనైనా సెటిల్‌మెంటే రాయాలనుకుంటే, పోషణ షరతును, మీరూ మీ భార్యగారూ జీవితాంతం ఆ ఇంట్లో నివసించి అద్దెలు అనుభవించే హక్కును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. "మా అబ్బాయి అలాంటివాడు కాదు, అది రాస్తే బాగుండదు" అని మొహమాటపడకండి. మంచి కొడుక్కి ఆ వాక్యం అడ్డం కాదు.

అమెరికాలో ఉన్న అబ్బాయికి తోట దానంగా ఇవ్వలేరని పైన అన్నాను. విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు) మన దేశంలో వ్యవసాయ భూమిని, ఫామ్‌హౌస్‌ను, తోటల భూమిని కొనకూడదు, దానంగానూ పుచ్చుకోకూడదు. ఇల్లు, ఇంటి స్థలం అయితే దగ్గరి బంధువు నుంచి దానంగా పుచ్చుకోవచ్చు. కానీ వారసత్వంగా మాత్రం వ్యవసాయ భూమి కూడా వారికి రావచ్చు, వీలునామా ద్వారా వచ్చినా అది వారసత్వమే. అంటే మీరు అనుకున్నది జరగడానికి చట్టం ఇచ్చిన దారి వీలునామాయే. ఆ భూమిని రేపు అమ్మాలనుకుంటే మన దేశంలో నివసించే భారతీయ పౌరుడికే అమ్మాలన్నది అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. ఈ సంగతి తెలియక రాయించిన సెటిల్‌మెంట్లు మన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్టరై పోతూనే ఉన్నాయి, చిక్కు అమ్మే రోజున బయటపడుతుంది. అలాగే, అబ్బాయి పేరున మీరు ఇచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీతోనే ముగుస్తుంది. తండ్రి పోయాక ఆ పవర్ పట్టుకుని సంతకాలు చేయడం చెల్లదు.

వీలునామా ఎలా రాయాలి?

స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ చెప్పేది ఇంతే. కానీ మన కోర్టుల్లో వీలునామాలు ఓడిపోయేది ఎక్కువగా ఈ సాక్షుల దగ్గరే. సాక్షులిద్దరూ మీరు సంతకం చేయడం చూసి ఉండాలి, లేదా అది మీ సంతకమేనని మీ నోటి నుంచి విని ఉండాలి. ఆపై మీ సమక్షంలో వారు సంతకం చేయాలి. మీ తదనంతరం కనీసం ఒక సాక్షి బోనెక్కి ఇదంతా చెప్పాలి.

చంద్రగిరి వైపు ఒక పెద్దాయన రాసిన వీలునామాను ఆయన చిన్న కొడుకు కోర్టులో దాఖలు చేశాడు. చక్కని దస్తూరి, ప్రతి పుటపైనా సంతకం, తేదీ, అన్నీ ఉన్నాయి. సాక్షిని అవతలి న్యాయవాది అడిగింది రెండే ప్రశ్నలు. "ఆయన సంతకం పెట్టినప్పుడు మీరు అక్కడ ఉన్నారా?" "లేదు సార్, సంతకం పెట్టిన కాగితం చిన్నబ్బాయి మా ఇంటికి తెచ్చాడు." "మీరు సంతకం పెట్టేటప్పుడు ఆ పెద్దాయన పక్కన ఉన్నారా?" "ఆయన అప్పటికి మంచం మీద ఉన్నాడు సార్, మా ఇంట్లో పెట్టి పంపించాను." రెండో సాక్షి అప్పటికే చనిపోయాడు. పెద్దాయన మనసులో ఉన్నది చిన్న కొడుక్కి ఇవ్వాలనే అని ఊరంతటికీ తెలుసు, అయినా వీలునామా నిలబడలేదు.

కాబట్టి సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవారిని, ఈ ప్రాంతంలోనే ఉండేవారిని, ఆస్తిలో ఏ ప్రయోజనమూ లేనివారిని పెట్టుకోండి. మీ వయసు స్నేహితులు వద్దు. ఆస్తి పొందే కొడుకును, అల్లుడిని వద్దే వద్దు. హిందువుల విషయంలో అంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదు గానీ అనుమానానికి తావిస్తుంది, క్రైస్తవుల విషయంలోనైతే ఆ సాక్షికి రాసిన ఆస్తే అతనికి దక్కదు. ఆస్తి ఎక్కువగా పొందేవారే దగ్గరుండి రాయించి, రైటరును మాట్లాడి, కారులో తీసుకెళ్లి రిజిస్టరు చేయిస్తే, ఆ అనుమానాన్ని తీర్చే భారం వారి మీదే పడుతుందని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ ప్రతి వీలునామా వ్యాజ్యంలో వినిపిస్తుంది. మీరు వెళ్లే రోజున పిల్లలు ఊళ్లో లేకపోతే ఇంకా మంచిది.

రిజిస్ట్రేషన్ వల్ల వీలునామా దానంతట అది నిజమని తేలిపోదు. కానీ మీరు స్వయంగా వచ్చారని, వేలిముద్ర వేశారని ఒక ప్రభుత్వ రికార్డు ఉంటుంది, కాగితం పోయినా నకలు దొరుకుతుంది. స్టాంపు సుంకం లేదు, రుసుము స్వల్పం, కాలపరిమితి లేదు. నడవలేని స్థితిలో ఉంటే దరఖాస్తు మీద సబ్ రిజిస్ట్రారే ఇంటికి వస్తారు. విషయం ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచవచ్చు. ఈ సౌకర్యాన్ని మన వాళ్లు వాడుకోవడం చాలా అరుదు. ఒక హెచ్చరిక: రిజిస్టరు వీలునామాను తర్వాత రాసిన తెల్ల కాగితపు వీలునామా కూడా రద్దు చేయగలదు. చెల్లేది చివరిదే. అందుకే ప్రతి వీలునామాలో తేదీ, "ఇంతకు పూర్వం రాసినవన్నీ రద్దు" అన్న వాక్యం ఉండాలి. వీలైతే అదే రోజున మీరు ఆలోచించి నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నారని మీ వైద్యుడి నుంచి ఒక ధ్రువపత్రం తీసుకోండి.

ఆస్తి వివరాలు రాసే షెడ్యూలు విషయంలో మన జిల్లాలో రెండు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక మీ పాత దస్తావేజుల్లో "చిత్తూరు జిల్లా" అనీ కొత్త రికార్డుల్లో "తిరుపతి జిల్లా" అనీ ఉంటుంది. వీలునామాలో రెండూ రాయండి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, విస్తీర్ణంలో సెంట్ల తేడాలూ వచ్చాయి. అక్కడ పాత నంబరు, కొత్త నంబరు, నాలుగు వైపులా చెక్కుబందీ అన్నీ ఉండాలి. చెక్కుబందీలో "ఉత్తరం చింతచెట్టు" అని రాయకండి.

తోటను ఇద్దరికీ పంచాలనుకుంటే భూమి కొలతతో ఆగకండి. మామిడి తోటల పంపకాల్లో నేను చూసిన తగాదాలు చెట్ల కోసం వచ్చినవి తక్కువ, బోరు కోసమూ దారి కోసమూ వచ్చినవి ఎక్కువ. బోరు ఒకరి భాగంలో ఉంటుంది, కరెంటు సర్వీసు తండ్రి పేరున ఉంటుంది, మామిడికాయల సీజన్లో లారీ వచ్చే బాట మరొకరి భాగంలోంచి పోతుంది. బోరు నీళ్లు ఎవరు ఏ రోజు వాడుకోవాలి, మోటారు కాలిపోతే ఖర్చు ఎవరిది, బాట ఎన్ని అడుగుల వెడల్పు అన్నది వీలునామాలోనే రాయండి. బావిలో వాటా ఉంటే అదీ రాయండి. పంపకం మీ చేతుల మీదుగానే, సర్వేయరుతో పటం గీయించి, వీలునామాకు జతచేస్తే మరీ మంచిది. అబ్బాయి అమెరికా నుంచి వచ్చి తోట చూసుకోడనుకుంటే, తోట మొత్తం అమ్మాయికీ ఇల్లు అబ్బాయికీ రాయడం గురించి కూడా ఆలోచించండి. మీ కుటుంబం నాకు తెలియదు గానీ, ఉన్న వివరాలను బట్టి నాకు అదే సబబుగా తోస్తున్నది.

భార్యగారి గురించి మీరు రాసిన వాక్యం నన్ను కాస్త ఆపింది: "ఆమె బతికినంత కాలం అనుభవించి, తర్వాత అబ్బాయికి చెందేలా" అన్నారు. మన రైటర్లు అలవాటుగా రాసేదే ఇది: నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారునికి దాన, వినిమయ, విక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఇక్కడ హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ అడ్డు వస్తుంది. 1977లో వద్దెబోయిన తులశమ్మ కేసులో, పోషణ హక్కుకు బదులుగా భార్యకు పరిమిత హక్కుతో ఇచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామాలో పరిమితంగా ఇస్తే పరిమితంగానే ఉంటుందన్న తీర్పులూ ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని తేల్చమని 2024 డిసెంబరులో విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపారు. నా సలహా: ఆమెకు ఏదైనా ఇవ్వదలిస్తే, డిపాజిట్లో పెద్ద భాగమో ఇంట్లో ఒక అంతస్తో, సంపూర్ణంగా ఇవ్వండి. నివాస హక్కు మాత్రమే ఇస్తున్నట్లయితే పోషణకు వేరే ఏర్పాటు ఏమిటో స్పష్టంగా రాయండి. ఆవిడ పేరున ఆస్తి ఉంటే ఆవిడా విడిగా వీలునామా రాయాలి. పిల్లలు, భర్త లేని స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది కూడా 15వ సెక్షన్ ప్రకారం ముందు భర్త వారసులకే పోతుంది, ఆమె తల్లిదండ్రులు ఆ తర్వాతే.

నామినీ సంగతి సులువుగానే చెప్పవచ్చు. బ్యాంకు డబ్బును పుచ్చుకునే మనిషి నామినీ, యజమాని కాదు. వారసులకు లెక్క చెప్పవలసినవాడు. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బీమాలో మాత్రం భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ తర్వాత వారికి ప్రత్యేక స్థానం ఉంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను, ఎవరికి ఎంత శాతమో చెప్పి, పెట్టుకోవచ్చు. ఆ శాతాలు, వీలునామాలోని శాతాలు ఒకటే అయ్యేలా చూసుకుంటే సగం తగవు తగ్గుతుంది.

ఒకరికి తక్కువ ఇస్తున్నట్లయితే కారణం రాయండి, తిట్టు రాయకండి. "మా అమ్మాయి చదువుకూ వివాహానికీ తగినంత ఖర్చు చేసితిని, ఆమెపై నాకు ఎట్టి విరోధమూ లేదు" అన్న ఒక్క వాక్యం కోర్టులో పనికివస్తుంది. షెడ్యూలులో చేరని ఆస్తి, ఇకముందు మీకు వచ్చే ఆస్తి ఎవరికో చెప్పే వాక్యం తప్పక చేర్చండి. లేకపోతే వీలునామా రాసి కూడా సగం ఆస్తి వారసత్వ చట్టం ప్రకారమే పంచాలి. వారసత్వం మీద పన్ను గురించి కొందరు భయపెడతారు, ఎస్టేట్ డ్యూటీ మన దేశంలో 1985లోనే పోయింది. ఆంధ్రలోని ఆస్తులకు ప్రొబేటు (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) తప్పనిసరి కాదు. చెన్నై నగరంలో స్థలమేదైనా ఉంటే మాత్రం అక్కడి న్యాయవాదిని అడగండి, ఆ నగరానికి చాలా కాలం వేరే నియమం నడిచింది. ఇది చదువుతున్న ముస్లిం సోదరులు గమనించవలసినది: మీ చట్టం ప్రకారం వారసుల అంగీకారం లేకుండా మూడింట ఒక వంతుకు మించి వీలునామా రాయలేరు.

చివరగా మీరు వెంటనే చేయవలసినది. ముహూర్తం చూసిన రైటరుగారికి ఫోన్ చేసి సెటిల్‌మెంటును వాయిదా వేయండి. ఈ.సి.కి దరఖాస్తు చేయండి. మీ అక్కచెల్లెళ్ల పేర్లు, నాన్నగారు మరణించిన తేదీ, ఆయనకు ఆ తోట ఏ దస్తావేజుతో వచ్చిందో ఆ నంబరు, మూడూ ఒక కాగితం మీద రాసుకుని ఒక సివిల్ న్యాయవాదిని కలవండి. అక్కగారు జీవించి ఉంటే, హక్కు విడుదల గురించి ఆవిడతో మీరే వెళ్లి మాట్లాడండి. అబ్బాయిని గానీ మధ్యవర్తిని గానీ పంపకండి.